తలుపు దగ్గర ఆగిపోయిన చెయ్యి

సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కింది మొదలు ఆసుపత్రి గుమ్మం చేరేదాకా మా అమ్మ నా నడుము మీద నుంచి చెయ్యి తియ్యలేదు. 2008 జనవరి, నా తొలి కాన్పు. వశిష్ఠ గోదావరి పాయ మీద మంచు ఇంకా విడలేదు. నొప్పి వచ్చినప్పుడల్లా అమ్మ నడుము కింద, సరిగ్గా నొప్పి పుట్టే చోట అరచెయ్యి ఆనించి గట్టిగా నొక్కేది. నొప్పి దిగిపోగానే వదిలేది. అలా నొక్కాలని ఆమెకు ఎవరు నేర్పారో నేను అడగలేదు. ఆ చెయ్యి ఉన్నంతసేపూ నేను తట్టుకోగలిగాను. కాన్పుల గది తలుపు దగ్గర ఆయా "మీరిక్కడే కూర్చోండమ్మా" అంది. చెయ్యి అక్కడ ఆగిపోయింది.

లోపల పదకొండు గంటలు ఉన్నాను. నాలుగు మంచాలకు ఒక్కతే సిస్టరు. వచ్చి చూసేది, కాగితం మీద రాసుకునేది, వెళ్ళిపోయేది. ఆవిడను తప్పు పట్టలేను, ఒక్క మనిషి ఎంతమందిని చూస్తుంది? పక్క మంచం మీది అమ్మాయి పెద్దగా ఏడ్చినప్పుడు మాత్రం ఎవరో "అప్పుడు లేని ఏడుపు ఇప్పుడెందుకు" అన్నారు. ఆ మాట నన్ను కూడా అంటారేమోనన్న భయంతో నేను చీర కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఆ కొంగు మీద పళ్ళగాట్లు పడి దారాలు లేచిపోయాయి. ఆ చీర ఇప్పటికీ ఉంది. సాయంత్రం డాక్టరు వచ్చి బిడ్డ కిందికి దిగడం లేదన్నారు. కాగితం ముందు పెట్టారు, సంతకం చేశాను. అందులో ఏముందో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

బాబు క్షేమంగా పుట్టాడు. ఆ ఆపరేషన్ అవసరమే అయి ఉంటుంది. దాని మీద నాకు ఫిర్యాదు లేదు. నా ఫిర్యాదంతా ఆ పదకొండు గంటల మీద.

అందుకే 2023లో మా చెల్లి హైదరాబాదు నుంచి ఫోను చేసి "అక్కా, నేను డూలాను పెట్టుకుంటున్నాను" అన్నప్పుడు నేను వెంటనే అర్థం చేసుకుని ఉండాల్సింది. కానీ నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట: "పక్కన కూర్చునేందుకు కూడా డబ్బులిచ్చి మనిషిని పెట్టుకోవాలా? మేము లేమా?"

ఆ ప్రశ్న ఈ ప్రాంతంలో ఎవరైనా అడుగుతారు. అందుకే దానికి నిదానంగా జవాబు చెప్పాలనుకుంటున్నాను.

ముందు డూలా ఎవరో చెప్పాలి. గ్రీకు భాషలో సేవ చేసే ఆడమనిషి, బానిస అని ఆ మాటకు అర్థం. 1973లో డేనా రాఫెల్ అనే అమెరికన్ మానవశాస్త్రవేత్త బాలింతకు తోడుండే స్త్రీని ఆ మాటతో పిలిచారు. అక్కడి నుంచి అది కాన్పుకు తోడుండే వృత్తికి పేరైంది. డూలా డాక్టరు కాదు, నర్సు కాదు, మంత్రసాని కూడా కాదు. లోపలి పరీక్ష చెయ్యదు, బీపీ చూడదు, బిడ్డ గుండె చప్పుడు లెక్కపెట్టదు, బిడ్డను పట్టదు, మందు ఇవ్వదు. చూలింత తరఫున నిర్ణయాలూ తీసుకోదు. ఆమె పని నొప్పులు మొదలైనప్పటి నుంచి బిడ్డ చేతికి వచ్చేదాకా ఆ గదిలో ఉండటం. డ్యూటీ మారినా ఆమె మారదు. నడుము నొక్కుతుంది, ఊపిరి కుదురుకునేలా చేస్తుంది, గుక్కెడు నీళ్ళు పట్టిస్తుంది, ఎలా నిలబడితే, ఎటు తిరిగి పడుకుంటే సుఖంగా ఉంటుందో చూపిస్తుంది, డాక్టరు చెప్పింది అర్థం కాకపోతే మళ్ళీ అడగమని ధైర్యం చెబుతుంది. కాన్పుకు ముందు రెండు మూడు సార్లు కూర్చుని మాట్లాడుతుంది. తర్వాత పాలు పట్టే దగ్గర సాయం చేస్తుంది.

ఇదంతా అమ్మ చేసేదే కదా అంటారు. నిజమే, అమ్మ ఉంటే. మా ఇంట్లో అమ్మ లేదు. చెల్లి ఇంజనీరింగ్ ఫీజు కట్టడానికి 2011లో కువైట్ వెళ్ళింది. అక్కడ ఒక ఇంట్లో ముగ్గురు పిల్లల్ని పెంచింది. చెల్లికి నెలలు నిండే వేళకు సెలవు దొరకలేదు. కోనసీమలో, నర్సాపురం చుట్టుపక్కల ఊళ్ళలో ఇలాంటి ఇళ్ళు ఎన్ని ఉన్నాయో ఇక్కడి వాళ్ళకు నేను చెప్పనక్కరలేదు. కువైట్, దుబాయి, మస్కట్ వెళ్ళిన ఆడవాళ్ళ డబ్బుతో లేచిన డాబాలు ప్రతి వీధిలో ఉన్నాయి. తొలి కాన్పు పుట్టింట్లోనే జరగాలన్న ఆచారాన్ని మాత్రం మనం విడిచిపెట్టలేదు. ఏడో నెలలో సారె పెట్టి పిల్లను తీసుకొస్తాం. ఆ ఆచారం పుట్టింట్లో తల్లి ఉంటుందన్న నమ్మకం మీద కట్టుకున్నది. ఆ తల్లి ఇప్పుడు పరాయి దేశంలో ఎవరి బిడ్డకో పాలు కలుపుతోంది. ఆమె ఖాళీ చేసి వెళ్ళిన చోటును డబ్బిచ్చి నింపుకోవడంలో సిగ్గుపడాల్సింది ఏముంది?

అమ్మ ఉన్నా కూడా, ప్రేమ ఒకటి, నేర్పు ఒకటి. కూతురు విలవిల్లాడుతుంటే ముందు తానే కుప్పకూలిపోయే తల్లుల్ని ఆసుపత్రి వరండాల్లో నేను చూశాను. నా కాన్పులో తలుపు బయట కూర్చున్న మా అమ్మ సాయంత్రానికి సొమ్మసిల్లి పడిపోయిందని నాకు మూడో రోజు గాని తెలియలేదు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. పాతకాలమే బాగుండేదని నేను అనను. మా అమ్మమ్మకు అక్క ఒకావిడ ఉండేది. 1953 వరదల్లో, చుట్టూ నీళ్ళున్న లంకలో, ఇంట్లోనే కాన్పయింది. బిడ్డ పుట్టాక మాయ దిగలేదు. నెత్తురు ఆగలేదు. పడవ వచ్చేసరికి తెల్లారింది. అప్పటికి ఆవిడ లేదు. మంత్రసాని చేతిలో నేర్పు ఉంది గాని నెత్తురు ఆపే సూది లేదు. "మంత్రసానితనానికి ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాలి" అంటారు మనవాళ్ళు. ఆ రాత్రి ఆవిడ పట్టుకోగలిగింది చావునే. అందుకే కాన్పు ఆసుపత్రికి మారడం మంచిదే అయింది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 96 కాన్పులు ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయి. 2005 తర్వాత వచ్చిన ఆశా కార్యకర్తలు, 108 బండ్లు అందులో చేసిన మేలు చిన్నది కాదు.

అయితే కాన్పును మార్చేటప్పుడు మంత్రసాని చేసే రెండు పనుల్నీ కలిపి తీసి పారేశాం. బిడ్డను పట్టే పని డాక్టరుకు అప్పజెప్పాం, అది సరే. నడుము పట్టే పనిని మాత్రం ఎవరికీ అప్పజెప్పలేదు. అది పనే కాదనుకున్నాం. అదే సర్వే చెప్పే ఇంకో లెక్క: మన రాష్ట్రంలో కాన్పుల్లో 42.4 శాతం ఆపరేషన్లు, ప్రైవేటు ఆసుపత్రుల్లో అయితే 63 శాతం. దీనికి కారణాలు చాలా ఉన్నాయి. ముహూర్తం రాయించుకుని వెళ్ళి కోయమనే మనమూ అందులో ఒక కారణమే. భయపడి, ఒంటరిగా, ఇక నా వల్ల కాదు కోసేయండి అని చేతులు జోడించే అమ్మాయి కూడా ఆ లెక్కలో ఉంది. ఆమె భయానికి మందు ఏ సెలైన్ సీసాలోనూ లేదు.

తోడుంటే ఏమవుతుందో పరిశోధకులు కొలిచి చూశారు. 1980లో గ్వాటెమాలాలో, తర్వాత అమెరికాలోని హ్యూస్టన్‌లో మార్షల్ క్లాస్, జాన్ కెనెల్ అనే పిల్లల డాక్టర్ల బృందం చేసిన పని ఇందులో మొదటిది. 1991లో వచ్చిన హ్యూస్టన్ ఫలితాల్లో ఒక సంగతి చదివి నేను చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. అక్కడ తొలిచూలు స్త్రీలు మూడు జట్లు. ఒక జట్టుకు డూలా తోడుంది. రెండో జట్టు గదిలో ఒక మనిషి మూల కూర్చుని మాట పలుకు లేకుండా జరిగింది రాసుకుంది. మూడో జట్టుకు ఆ ఆసుపత్రి మామూలు పద్ధతే. ఆపరేషన్లు మూడో జట్టులో 18 శాతం, డూలా ఉన్న జట్టులో 8 శాతం. మూల కూర్చుని పలకరించని మనిషి ఉన్న జట్టులో? 13 శాతం. ఒక ఆడమనిషి ఆ గదిలో ఊరికే ఉన్నందుకే అంత తేడా వచ్చింది. నా పదకొండు గంటల్లో ఆ మూల ఖాళీగా ఉంది.

వైద్య అధ్యయనాలను జల్లెడపట్టి తేల్చే కాక్రేన్ సంస్థ 2017 నాటి సమీక్ష 17 దేశాల్లో 15 వేల మందికి పైగా స్త్రీలతో జరిగిన 26 అధ్యయనాలను ఒకచోట చేర్చింది. విడవకుండా తోడున్నప్పుడు ఆపరేషన్లు పావు వంతు దాకా తగ్గాయి, నొప్పుల సమయం కొంత తగ్గింది, తమ కాన్పును చేదుగా తలుచుకునే స్త్రీల సంఖ్యా తగ్గింది. చివరిది మనం ఎప్పుడూ లెక్కలోకి తీసుకోనిది.

మన ప్రభుత్వానికి ఇవేవీ తెలియనివి కావు. 2016 ఫిబ్రవరిలోనే కేంద్ర ఆరోగ్య శాఖ ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాన్పు గదిలోకి ఒక తోడును రానివ్వాలని చెప్పింది. ఆమె స్వయంగా కాన్పు అనుభవం ఉన్న బంధువైతే మంచిదని, అంటువ్యాధి ఉండకూడదని, శుభ్రమైన బట్టలు కట్టుకోవాలని, సిబ్బంది పనికి అడ్డు రాకూడదని నియమాలు పెట్టింది. చాటు ఉన్నచోట భర్తనైనా రానివ్వవచ్చని రాసింది. ప్రభుత్వ కాన్పు గదుల్ని మెరుగుపరచడానికి 2017 డిసెంబరులో మొదలైన లక్ష్య కార్యక్రమంలోనూ ఈ మాట ఉంది. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా స్త్రీ కోరుకున్న మనిషి తోడుండాలని సిఫారసు చేసింది. కాగితం మీద తలుపు ఎప్పుడో తెరుచుకుంది. చాలాచోట్ల తలుపు మూసి ఉండటానికి నాకు కనిపించిన కారణం ఒకటే: మంచానికీ మంచానికీ మధ్య తెర లేదు. తెర లేనప్పుడు ఒకరి తోడు ఇంకొకరి సిగ్గుకు అడ్డమవుతుందని సిస్టర్లు చెప్పేది అబద్ధం కాదు. ఒక గుడ్డ తెర, దాన్ని వేలాడదీసే ఇనుప కడ్డీ. ఇన్నేళ్ళుగా ఆడవాళ్ళ ఒంటరితనం ఆగి ఉన్నది అంత చిన్న ఖర్చు దగ్గర.

చెల్లి సంగతికి వస్తాను. కాన్పు పుట్టింటి దగ్గరే అనుకున్నాం. హైదరాబాదులో ఆమె మాట్లాడుకున్న డూలా మన ప్రాంతానికి వచ్చి వారాల తరబడి ఉండలేనని నిజాయితీగా చెప్పింది. బదులుగా ఫోనులో అయిదుసార్లు మా ఇద్దరికీ నేర్పుతానని, నొప్పులు మొదలైతే ఏ వేళకైనా ఫోను తీస్తానని ఒప్పుకుంది. మొదటి రోజు ఊపిరి గురించో ఆసనాల గురించో మొదలుపెడుతుందని అనుకున్నాను. ఆమె అడిగిన మొదటి ప్రశ్న: "మీ ఇంటి నుంచి ఆసుపత్రికి దారి ఎలా? రాత్రి అయితే?" ఆగస్టులో నెలలు నిండుతాయి, గోదావరికి నీళ్ళొచ్చే కాలం, వరదొస్తే పంటు ఆపేస్తారు, చించినాడ వంతెన మీదుగా తిరిగి వెళ్ళాలి అని చెప్పాను. "అయితే ముప్పై ఏడో వారం దాటగానే నది అవతలికి మారిపోండి" అంది. పట్నంలో చిన్నాన్నగారింటికి మారిపోయాం. నా అనుమానం ఆ రోజే సగం పోయింది.

రెండో రోజు నడుము నొక్కడం నేర్పింది. చెల్లి అరుగు పట్టుకుని ముందుకు వంగి నిలబడింది. నేను బొటనవేళ్ళతో నొక్కుతున్నాను. మంచం మీద కూర్చుని చూస్తున్న అమ్మమ్మకు ఎనభై అయిదేళ్ళు. చూసి చూసి, "వేళ్ళతో కాదే. అరచేతి మొదలు ఆనించు. మోచెయ్యి మడవకు. నీ ఒళ్ళు బరువంతా అక్కడ దించు" అంది. లేచి వచ్చి నా మణికట్టు పట్టుకుని సరైన చోటు చూపించింది. తుంటి మీది రెండు గుంటల మధ్య, చదునుగా తగిలే ఎముక మీద. తర్వాత రెండు అరచేతుల్నీ చెరో తుంటికీ ఆనించి లోపలికి, కాస్త పైకి ఎలా అదమాలో చూపించింది. ఫోనులోంచి డూలా "అమ్మమ్మగారూ, మీరు చేసింది ఇంకోసారి చూపిస్తారా, నాకు సరిగా కనబడలేదు" అని అడిగింది. అమ్మమ్మ ఇంకోసారి చూపించింది. మా అమ్మకు నేర్పింది ఎవరో నాకు అప్పుడు తెలిసింది.

ఎనిమిదో నెలలోనే డాక్టరమ్మగారిని అడిగి పెట్టుకున్నాం. ఒక్క ఆడమనిషి, ఉతికిన బట్టలు, బయటికి వెళ్ళమన్నప్పుడు వెళ్ళాలి అన్న షరతులతో ఒప్పుకున్నారు. నొప్పులు మొదలైన రాత్రి నుంచి పద్నాలుగు గంటలు నేను లోపలే ఉన్నాను. మంచం అంచు పట్టుకుని చెల్లి వంగేది, నేను బరువు దించేదాన్ని. నొప్పికీ నొప్పికీ మధ్య మూడు గుక్కలు కొబ్బరినీళ్ళు. నాలుగు గంటలు గడిచేసరికి నా మణికట్లు వాచిపోయాయి. చేతులు మార్చుకోవడానికి ఒక్క క్షణం ఆగితే "అక్కా, తియ్యకు" అనేది. చెల్లి గట్టిగా మూలిగింది, కేకలు పెట్టింది, ఎవరూ ఏమీ అనలేదు. గదిలో ఇంటి మనిషి ఉంటే నోళ్ళు జాగ్రత్తగా ఉంటాయి. తోడు చేసే మేలులో ఇది పెద్దదని నా నమ్మకం.

మధ్యాహ్నం ఆపరేషన్ మాట వచ్చింది. వరండాలోకి వచ్చి డూలాకు ఫోను చేశాను. చేయించుకోమని గాని వద్దని గాని ఆమె అనలేదు. "చెల్లినే అడగనివ్వండి. ఇప్పుడు తనకూ బిడ్డకూ ప్రమాదం ఉందా? కాసేపు ఆగవచ్చా? ఆగితే ఏం గమనిస్తారు?" అంది. చెల్లి అడిగింది. డాక్టరమ్మగారు రెండు గంటలు ఆగవచ్చన్నారు. రెండు గంటల తర్వాత ప్రతి నొప్పి వెనకా బిడ్డ గుండె చప్పుడు పడిపోతోందని, ఇక ఆగకూడదని చూపించి మరీ చెప్పారు. చెల్లి కాగితం తీసుకుని చదివి సంతకం చేసింది. థియేటరు తలుపు దగ్గర నన్ను ఆపారు. చెల్లి తలతిప్పి "నాకు తెలుసులే అక్కా, నువ్వు ఇక్కడే ఉంటావుగా" అంది.

అక్కకూ చెల్లికీ ఇద్దరికీ పొట్ట మీద అదే కోత. డూలాను పెట్టుకున్నా ఆపరేషనే అయింది కదా, డబ్బు దండగే కదా అని చుట్టాలు అన్నారు. నా కాన్పు గురించి మాట్లాడమంటే నేను గోడ గడియారం గురించి చెబుతాను. చెల్లి తన కాన్పు గురించి చెప్పేటప్పుడు "మేము" అంటుంది. మేము రెండు గంటలు ఆగాం, మేము ఒప్పుకున్నాం. ఆ "మేము"కు ఎంత ఖర్చయినా అది దండగ అని నేను అనలేను.

పెట్టుకోవాలనుకునే వాళ్ళకు నా అనుభవం నుంచి కొన్ని మాటలు. మన దేశంలో డూలాలకు నర్సుల్లాగా రిజిస్ట్రేషన్ చేసే మండలి లేదు. ఎవరైనా ఆ పేరు పెట్టుకోవచ్చు. కాబట్టి ఎక్కడ నేర్చుకున్నారు, ఎన్ని కాన్పులకు వెళ్ళారు అని అడగండి, వాళ్ళు తోడున్న ఇద్దరు తల్లులతో మాట్లాడండి. ఆ రోజు ఆమెకు జ్వరమొస్తే బదులు ఎవరు వస్తారో ముందే తేల్చుకోండి. ఆసుపత్రి ఒప్పుకోనిదే డబ్బు కట్టకండి. మామూలు కాన్పు నాది పూచీ అనే డూలాను పెట్టుకోకండి, ఆ పూచీ ఎవరూ ఇవ్వలేరు. ఆసుపత్రి వద్దు, ఇంట్లోనే కానిద్దాం అని చెప్పే మనిషిని గుమ్మంలోకే రానివ్వకండి. మా అమ్మమ్మ అక్క కథ వినిపించి పంపించండి.

నగరంలో ఉండే డూలాకు ఇవ్వగలిగిన వాళ్ళు మనలో ఎంతమంది? వరి కోతకూ రొయ్యల షెడ్డుకూ వెళ్ళే ఇంటి పిల్ల ఏం చెయ్యాలి? నా బాధంతా ఇక్కడే ఉంది. రిటైరైన ఏ.ఎన్.ఎం.లు ఊరూరా ఉన్నారు. వందల కాన్పులు చూసిన ఆయాలు ఉన్నారు. మా అమ్మమ్మ లాంటి చేతులు ఇంకా కొన్ని మిగిలి ఉన్నాయి. వీళ్ళకు కొన్ని వారాల శిక్షణ, కాన్పుకు ఇంత అని కూలి ఇచ్చి ప్రతి ప్రభుత్వ ఆసుపత్రిలో కూర్చోబెట్టవచ్చు. ఉచితంగా చెయ్యమని మాత్రం అడగకూడదు. ఆడవాళ్ళు ప్రేమతో చేస్తారులే అనుకున్న పనులకే మన దగ్గర కూలి ఉండదు, కూలి లేని పనులే ముందుగా మాయమవుతాయి.

మా పిన్ని కూతురికి ఇప్పుడు ఎనిమిదో నెల. వాళ్ళాయన మస్కట్‌లో ఉన్నాడు. కిందటి బుధవారం వాళ్ళు చూపించుకునే ఆసుపత్రికి వెళ్ళి, ఒకరిని లోపలికి రానిస్తారా అని అడిగాం. మంచాల మధ్య తెరలు లేవు, కుదరదన్నారు. తెర గుడ్డ మేమే కుట్టించి ఇస్తామని చెప్పాను. పెద్ద సిస్టరు నా ముఖం వంక చూసి, కొలతలు తీసుకోవడానికి శనివారం రమ్మంది. టేపు సంచిలో పెట్టుకున్నాను.